ఖాళీగా తిరిగిరాని సీసా

ఫ్రుంజె, మార్చి 4

పెద్దక్క ఉరుమ్‌కాన్ ఎజెకి చెల్లెలు మీర్గుల్ సలాం.

మీరు కులాసా, మీ ఆవు కులాసా అని తలుస్తాను. నా పని సంగతి ఎన్నిసార్లు చెప్పినా మీరు నవ్వుతారు. మీ ఊరి కొండరాయిని పొడిచేసి కాలుస్తాను. దాని ఒళ్ళంతా కంటికి ఆనని చిల్లులు. నూనె ఆవిరి వాటిల్లో దూరి మంచి సరుకై బయటికొస్తుంది. రాయి మాత్రం పెళ్ళి కుదిర్చినావిడలాగా తాను మారకుండా ఉన్నచోటే ఉంటుంది. పదకొండేళ్ళలో బ్రహ్మాండంగా పనిచేసింది ఒక్కటే, నిరుడు ఆకురాలే రోజుల్లో చేసిన పద్నాలుగో నంబరు పొడి. అది అయిపోయింది. అలాంటిది మళ్ళీ చేద్దామంటే నలభై సార్లు చేసినా కుదరలేదు. మే నెలలో మాస్కో కమిషన్ వస్తుంది. వాళ్ళ కళ్ళముందు చేసి చూపకపోతే నా ప్రయోగశాల మూసేసి నన్ను రంగుడబ్బాల విభాగంలో పడేస్తారు.

ఆ పొడిని పోసింది నేను మీకు జామ్ పంపిన సీసాలో. మీరు దాన్ని బస్సు డ్రైవర్ తొక్తోసున్ చేత తిప్పి పంపారు. నాకైతే ఖాళీగానే కనిపించింది. అందులో ఏమన్నా పెట్టారా?

మీ మీర్గుల్

తా.క. ఇది ఫిర్యాదు కాదు.

అట్-బాషి, మార్చి 15

చదువుకున్న చెల్లెలికి ఉరుమ్‌కాన్ దీవెనలు.

ఖాళీగానా? మన అమ్మ కడుపున పుట్టి నేను ఒకరి గిన్నె ఖాళీగా తిప్పి పంపుతానా? ఆ సీసా నిండా వెన్న పెట్టాను, మూత పట్టనంత. తొక్తోసున్ తినుంటాడు. బస్సు ఆపి, నలుగురిలో నాలుగు చీవాట్లు పెట్టాను. ఆవు దివ్యంగా ఉంది, దాని ఊసెత్తకు. ఈసారి ఎండు పెరుగు ఉండలు, కురుత్, పంపుతున్నాను, లెక్కపెట్టుకో.

ఉరుమ్‌కాన్

తా.క. రాయికి చిల్లులు పెట్టడానికి పదకొండేళ్ళా? నా మేజోళ్ళకి వారంలో పడతాయి.

ఫ్రుంజె, మార్చి 29

గౌరవనీయ ఎజెకి, నా అక్కకి, సలాం.

మీ మాట పట్టుకుని పొడిలో వెన్న కలిపి కాల్చాం. భవనమంతా పొగ. కాపలాదారు వేపుడు రొట్టెల వాసనకి పళ్ళెం పట్టుకుని పైకొచ్చాడు. నూనె మాత్రం నూనెగానే ఉంది. అది నిజంగా వెన్నేనా? కాస్త ఆలోచించండి.

మీర్గుల్

తా.క. కురుత్ అందింది. తెల్లగా, గట్టిగా ఉందని మా ప్రయోగశాల సహాయకురాలు వేరా పెత్రోవ్నా వాటిని మా పొడి ఉండలనుకుని రెండు రోజులు కొలిమిలో కాల్చింది. ఫలితం వెన్న కంటే నయం.

అట్-బాషి, ఏప్రిల్ 10

చెల్లెలికి దీవెనలు.

తొక్తోసున్ అలిగి మా ఊళ్ళో బస్సు ఆపడం మానేశాడు. ఊరు ఊరంతా పక్క ఊరిదాకా నడుస్తూ నన్ను తిడుతోంది. ఇప్పుడు గుర్తొచ్చింది, అది వెన్న కాదు, ఎండు ఆప్రికాట్లు. పోనీ ఏదో ఒకటి. చాల్లేదనేగా నీ బాధ. అయిదు సీసాలు పంపుతున్నాను, వెన్న, ఆప్రికాట్లు, పిండి, తేనె, ఎండుమాంసం. ఇక నా పరువు తియ్యకు.

ఉరుమ్‌కాన్

ఫ్రుంజె, ఏప్రిల్ 21

ఎజె,

కమిషన్ వాళ్ళు రావడానికి ఇంకా ఇరవై రోజులే ఉన్నాయి. నా బల్ల మీద ఎండుమాంసం ఉంది. ఏది నమ్మాలో తెలీక మతి పోతోంది. నాకు తిండి వద్దు, నిజం కావాలి. సీసా అడుగున ఏదో తెల్లగా ఉండేది. బల్ల మీది నా పొడే కాస్త అందులో పడిందనుకుని కడక్కుండా వాడాను. ఏమీ పెట్టలేదన్నా నాకు కోపం రాదు. చెప్పండి.

మీర్గుల్

అట్-బాషి, ఏప్రిల్ 29

చెల్లీ,

చెప్తాను, నవ్వకు. ఆవు నిరుడే లోయలో పడి చచ్చిపోయింది. నీ సీసా తిప్పి పంపాల్సిన రోజున ఇంట్లో పెట్టడానికి ఏమీ లేదు. సబ్బు కోసం బూడిదనీళ్ళు మరగబెడుతున్నాను. బాణలి అడుగున కట్టిన తెల్ల ఉప్పు గీకి, చిటికెడు వేసి మూత పెట్టాను. ఖాళీగా పంపలేదని నాకు నేను చెప్పుకోవడానికి. ఈ మధ్య పంపినవన్నీ ఇరుగుపొరుగుని అడిగి తెచ్చినవి. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆ ఉప్పు ఇంకాస్త గీకి ఈ గుడ్డలో కట్టాను. పారెయ్యాలంటే పారెయ్యి.

ఉరుమ్‌కాన్

ఫ్రుంజె, మే 24

నా పెద్దక్కకి సలాం.

పారెయ్యలేదు. మీ చిటికెడు కలిపి మూడుసార్లు చేశాను, మూడుసార్లూ పనిచేసింది. కమిషన్ మాకు మరో అయిదేళ్ళు ఇచ్చింది. పొడికి పేరేమిటన్నారు. ఉరుమ్‌కాన్ అని రాయించాను.

ఆవు పోయిన సంగతి నాకు చెప్పలేదని ఏడుపొచ్చింది. నేను ఇక్కడ జామ్ పంపి గొప్పలు పోయాను. ఆ సీసా మీకు తిప్పి పంపుతున్నాను. అందులో కొత్త పలుపు చుట్టి పెట్టాను. పలుపుకి కట్టాల్సిన దూడతో వచ్చేవారం నేనొస్తాను. మీరు ముందు తొక్తోసున్‌కి క్షమాపణ చెప్పండి, లేకపోతే నేనూ దూడా ఇద్దరం నడిచి రావాలి.

మీ మీర్గుల్

తా.క. కమిషన్ అధ్యక్షుడు మన పొడి ఒక సీసాడు మాస్కో పట్టుకెళ్ళి, నిన్న సీసా తిప్పి పంపాడు. ఎజె, మీరు కూర్చుని చదవండి. ఖాళీగా పంపాడు.