డిస్‌ప్లే పీసులో చిత్తుప్రతి

తమ్ముడికి,

నువ్వు చల్లగా ఉండాలి. నీ పెళ్ళాం ఇంకా చల్లగా ఉండాలి, నిన్ను భరించేది ఆవిడే కనక.

నేను బాగానే ఉన్నాను, నా కుర్చీయే బాగాలేదు. మా చెక్క సామాను కంపెనీలో డైరెక్టర్ల మీటింగు జరిగినప్పుడల్లా మూల కూర్చుని వాళ్ళు మాట్లాడిందంతా రాసుకునేది నేనే కదా. కొత్త మేనేజరు వచ్చాడు, ఇక కాగితాలు కుదరవంటున్నాడు. వచ్చే మీటింగుకి సొంత మిషను తెచ్చుకోవాలట, అక్కడికక్కడే నోట్సు తయారుచేసి అందరికీ పంపేయాలట. "మీ వల్ల కాకపోతే చెప్పండమ్మా, మా అల్లుడు ఖాళీగానే ఉన్నాడు" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండిపోయింది. ఆ అల్లుడికి మిషను ఇంకా లేదు గాని, దాన్ని పెట్టుకునే సంచి మాత్రం అప్పుడే భుజానికి తగిలించుకుని తిరుగుతున్నాడు.

ఈ కుర్చీ పోతే ఈ వయసులో నాకు ఇంకో కుర్చీ ఎవరు వేస్తారు? భయంగా ఉందిరా, దాచుకోను. తక్కువ ధరలో, ఆఫీసు పనికీ నోట్సు రాసుకోడానికీ పనికొచ్చేది చెప్పు. ల్యాప్‌టాపా, ట్యాబా? ఫోను చేద్దామంటే, నువ్వు మొదలుపెట్టాక నా చెయ్యి తిమ్మిరెక్కాల్సిందే గాని నాకు మాట్లాడే సందు దొరకదు. కాగితమైతే నాకిష్టమైన చోట ఆపొచ్చు.

ఇట్లు,
ఇప్పటికింకా ఉద్యోగంలోనే ఉన్న నీ అక్క

తా.క. ఒక్క ముక్కలో రాయి. ల్యాప్‌టాప్ అనో, ట్యాబ్ అనో. రెండో మాట వద్దు.

*

అక్కకి నీ తమ్ముడు వంగి దండం పెట్టి, మళ్ళీ నిటారుగా కూర్చుని రాస్తున్నది:

ఒక్క ముక్కలో చెప్పమన్నావు. అలాగే చెబుతాను, కాని ముందు కొన్ని ప్రశ్నలు. కవరు లావు చూసి కంగారుపడకు, అందులో సగం పోలిక పట్టికలే.

నీకు ప్రాసెసరు ముఖ్యమా, ర్యామ్ ముఖ్యమా? ఎండలో రాస్తావా, నీడలో రాస్తావా? వీడియోలు ఎడిట్ చేస్తావా? చెయ్యనంటావు. ఇవాళ చెయ్యవు, రేపు బుద్ధి పుడితే? ల్యాప్‌టాప్‌కి కీబోర్డు ఉంటుంది, కాని బరువు. ట్యాబ్ తేలిక, కాని కీబోర్డు విడిగా కొనాలి. కొన్నావంటే అదీ బరువే. పెన్నుతో రాసే ట్యాబ్‌లు ఉన్నాయి, ఆ పెన్ను కూడా విడిగానే అమ్ముతారు. ఎడమ కాలి చెప్పు కొంటే కుడి కాలిదానికి వేరే బిల్లు అన్నట్టు.

జనం చేసే పెద్ద తప్పేమిటో తెలుసా? షాపుకి వెళ్ళి మిషను మీద "హలో" అని కొట్టి, భలే ఉందని కొనేస్తారు. నువ్వు ఆఫీసులో హలో అని రాసి జీతం పుచ్చుకుంటున్నావా? డిస్‌ప్లే పీసని బల్ల మీద పెట్టేదే వాడి చూడమని. మీటింగులో ఎలా రాస్తావో అలాగే, అక్షరం తగ్గకుండా, నీ అసలు పని దాని మీద చేసి చూడు. మొహమాటపడకు. అప్పుడు గాని దాని అసలు రంగు బయటపడదు.

ఇట్లు,
సమాచారంలో పీకలదాకా మునిగి ఉన్న నీ తమ్ముడు

తా.క. వదినగారూ, ఇది నేను, మీ మరదల్ని. ఈయన జిగురు వెతుక్కుంటుంటే రాస్తున్నాను. మా మిక్సీ పాడైన దగ్గర్నుంచీ ఏది కొనాలా అని ఈయన పోల్చి చూస్తూనే ఉన్నారు. అప్పటికి మా అమ్మాయి పాకుతోంది. ఇప్పుడు కాలేజీకి వెళుతోంది. నేనింకా పక్కింటివాళ్ళ మిక్సీలోనే రుబ్బుకుంటున్నాను.

*

పోలికల తమ్ముడికి,

నీ పట్టికలు అందాయి. పాత పేపర్లవాడు చూసి ముచ్చటపడ్డాడు.

నువ్వు చెప్పినట్టే షాపుకి వెళ్ళాను. ల్యాప్‌టాప్ నా వల్ల కాలేదు. ఒక అక్షరం నొక్కితే పక్కది కూడా నేనున్నానంటూ లేచొస్తోంది. ట్యాబ్ మాత్రం బాగుంది, పెన్ను పెడితే చాలు, కాగితం మీద రాసినట్టే నా చేతిరాతే పడుతోంది. ఆ పెన్నుని బల్లకి పొట్టి తీగతో కట్టేశారు, అందుకని నడుం వంచి రాయాలి. సేల్సమ్మాయి చూసి జాలిపడి స్టూలు వేసింది.

నా పద్ధతి నీకు తెలీదు కదా. మీటింగులో నేను ఏదీ వదలను. ఎవరేమన్నారు, ఎవరు ఆవలించారు, ఎవరు ఎవర్ని వెధవ అన్నారు, చైర్మన్‌గారి గురక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, అన్నీ పడాల్సిందే. అది చిత్తుప్రతి. ఇంటికొచ్చి అందులో నిజమంతా కొట్టేసి, మిగిలింది సాపు రాసి ఇస్తాను. దాని మీద అందరూ సంతకాలు పెట్టి "చక్కగా రాశావమ్మా" అంటారు.

నువ్వు అక్షరం తగ్గకూడదన్నావని, కిందటి మీటింగు చిత్తుప్రతి మొత్తం ఆ ట్యాబ్ మీద ఎక్కిస్తున్నాను. ఒక పూటతో అయ్యే పనా? రోజూ ఆఫీసు నుంచి నేరుగా అక్కడికే పోతున్నాను. నిన్న రాసింది ఇవాళ తెరిస్తే చెక్కుచెదరకుండా ఉంటోంది, మహా బుద్ధిమంతురాలు. నాకు నచ్చింది. కొనేయనా?

ఇట్లు,
స్టూలు మీంచి నీ అక్క

తా.క. నా వెనకాల జనం మూగి చదువుతున్నారు. నిన్న ఒకావిడ సంచులు కింద పెట్టి మరీ, "ఆ మేనేజరు మాటకి చైర్మన్ ఏమన్నాడండీ?" అని అడిగింది. అది ఇంకా రాయలేదు, రేపు రమ్మన్నాను.

*

తొందరపాటు అక్కకి, తమ్ముడు రెండు చేతులూ అడ్డం పెట్టి రాస్తున్నది:

కొనకు! వచ్చే నెల కొత్త మోడలు వస్తోంది. అది రాగానే నీ ట్యాబ్ ధర పడిపోతుంది. ఆ పై నెల ఇంకోటి వస్తుంది, అప్పుడు ఆ కొత్తదాని ధర కూడా పడుతుంది. ఓపిక ఉన్నవాడికి ఏదో ఒక రోజు ఊరికే ఇస్తారు. మీటింగు వాయిదా వేయించలేవా? డైరెక్టర్లకి అర్థమయ్యేలా నేనొక పట్టిక పంపుతాను.

ఇకపోతే, జనం వెనకనుంచి చదువుతున్నారన్నావు చూడు, అది అద్భుతమైన సంగతి. వంకరగా చూసినా స్క్రీను తేటగా కనిపిస్తోందన్నమాట! కంపెనీవాళ్ళు కూడా ఇలాంటి పరీక్ష చేసి ఉండరు. ఇంకా ఎక్కువమందిని నిలబెట్టి చదివించు. ఎడమ పక్కవాళ్ళకి ఎలా కనిపిస్తోందో, కళ్ళజోడు ఉన్నవాళ్ళకి ఎలా కనిపిస్తోందో అడిగి నాకు రాయి.

ఇట్లు,
నీ మేలు కోరి, నీ కొనుగోలు ఆపే తమ్ముడు

తా.క. వదినగారూ, ఇంతకీ చైర్మన్ ఏమన్నాడు? ఆ కబురు తెలియక ఇక్కడ నాకు ముద్ద దిగడం లేదు.

*

ఒరే తమ్ముడూ,

కొంప మునిగింది.

ఇవాళ షాపుకి వెళితే బల్ల మీద పొట్టి తీగ ఒక్కటే వేలాడుతోంది. ట్యాబ్ ఏదమ్మా అన్నాను. "అమ్ముడుపోయిందండీ, డిస్‌ప్లే పీసని బాగా తగ్గించి ఇచ్చాం" అంది సేల్సమ్మాయి. మరి అందులో నా రాత? "చెరిపేస్తామన్నామండీ. ఆయనే, మీటింగు నోట్సులా ఉంది, ఉండనివ్వండి, నేను చేరబోయే ఉద్యోగం కూడా ఇదే, నమూనాగా పనికొస్తుంది అన్నారు." భుజానికి సంచి ఉందా అని అడిగాను. ఉందట. బిల్లు పుస్తకం తిప్పి చూపించింది. మా మేనేజరు ఇంటి అడ్రసు!

మీ ఆవిడ అడిగింది కదా, ఆ భాగం విను. కిందటి మీటింగులో, నేనక్కడ ఉన్నానన్న ధ్యాసే లేకుండా, మేనేజరు అన్న మాట ఇది: "మా అల్లుడికి తలకాయ ఉన్నది దువ్వుకోడానికే. ఇంట్లో ఉండి నా ప్రాణం తోడేస్తున్నాడు. ఆ మూల కుర్చీలో పడేద్దాం, అక్కడ బుర్రతో పనేం ఉండదు." దానికి చైర్మన్‌గారు, "నీ ఇంట్లో చెత్త నా ఆఫీసులో పోస్తావా?" అని, వెంటనే నిద్రపోయారు.

బుర్రతో పనేం ఉండదట! ఆ మాట రాసుకుంటుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా సాపు ప్రతిలో "సిబ్బంది నియామకంపై మేనేజరు విలువైన సూచన చేశారు" అనే రాసిచ్చాను.

ఇప్పుడది అల్లుడి చేతిలో ఉంది. మీటింగు వచ్చే వారమే. అతను చదివి మామకి చూపించాడంటే నన్ను గేటు దగ్గరే ఆపేస్తారు. ఇక్కడినుంచే దాన్ని చెరిపేసే ఉపాయం ఏదైనా ఉందా?

ఇట్లు,
గుండె దడతో నీ అక్క

తా.క. ఈసారి నిజంగానే ఒక్క ముక్కలో రాయరా, నీకు పుణ్యముంటుంది.

*

అక్కకి, తమ్ముడు బరువెక్కిన హృదయంతో:

ఒక్క ముక్క: ఉంది. దూరం నుంచి చెరపొచ్చు. కాకపోతే అందులో నీ పేరున ముందే ఖాతా తెరిచి ఉండాలి. తెరిచావా? లేదు కదా. చూశావా, తొందరపడొద్దని ఇందుకే మొత్తుకున్నాను.

నాకు బాధ కలిగించింది మాత్రం వేరే సంగతి. డిస్‌ప్లే పీసు కొన్నాడంటే ఆ కుర్రాడు నిలువునా మునిగాడు. రోజంతా వెలుగుతూ ఉండి బ్యాటరీ సగం చచ్చి ఉంటుంది. పైగా వచ్చే నెల ధర తగ్గేది కూడాను. అతని ఫోను నంబరు పంపు, నేను ఓదార్చి, నాలుగు జాగ్రత్తలు చెబుతాను. అందులో నీ రాత ఎంత చోటు పట్టిందో కూడా కనుక్కుంటాను.

ఇట్లు,
తోటి వినియోగదారుడి కష్టానికి చలించిన నీ తమ్ముడు

తా.క. వదినగారూ, ఈయన్ని అడగడమూ గోడకి చెప్పుకోవడమూ ఒకటే. మీరు ఎప్పటిలాగే కాగితం, పెన్సిలు పట్టుకుని, అందరికంటే ముందే వెళ్ళి మీ కుర్చీలో కూర్చోండి. కూర్చున్న మనిషిని లేపడం చాలా కష్టం. ఈయనతో కాపురం చేస్తూ చెబుతున్నాను.

*

ముందు మరదలికి, మిగిలితే తమ్ముడికి:

మరదలా, నీ మాటే విన్నాను. అందరికంటే ముందే వెళ్ళి కూర్చున్నాను.

మేనేజరు అల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. నన్ను చూసి మొహం చిట్లించి, డైరెక్టర్లతో "ఇవాళ్టి నుంచి కొత్త పద్ధతి, మావాడు చూసుకుంటాడు" అన్నాడు. మా దగ్గర కిందటి మీటింగు నోట్సు పైకి చదివాకే కొత్త సంగతులు ఎత్తుకోవడం ఆనవాయితీ. "చదవండి చూద్దాం" అన్నారు చైర్మన్‌గారు. కంపెనీ పేరూ తేదీ పైనే ఉన్నాయి కదా, అల్లుడు నా రాత తెరిచాడు. అప్పటిదాకా అతను ఆ మొదటి లైను తప్ప చదివి ఉంటే ఒట్టు! మామగారే ముందుగా ఏర్పాటు చేశారనుకున్నాడట.

గొంతు సవరించుకుని ఖణీమని మొదలుపెట్టాడు. "చైర్మన్‌గారు గురకపెట్టారు. పెద్ద డైరెక్టరు చిన్న డైరెక్టర్ని వెధవ అన్నారు. చిన్న డైరెక్టరు ఆ మాట వినపడనట్టు బిస్కట్టు తీసుకున్నారు." మేనేజరు ఆపమని చేతులూపాడు. అల్లుడేమో ఇంకా గట్టిగా చదవమంటున్నాడనుకున్నాడు. ఆ ఊపులో తన తలకాయ సంగతి కూడా అదే గొంతుతో చదివేసి, తర్వాత లైనులో ఆగిపోయాడు.

"మామయ్యగారూ, ఈ మాట మీరన్నారా?" అన్నాడు.

పాపం, ఆ అబ్బాయి మొహం చూస్తే నాకు జాలేసింది. సంచిని చూసి నవ్వుకున్నందుకు సిగ్గేసింది కూడా.

మేనేజరు నా మీదికి తిరిగాడు. "ఇది నీ చేతిరాతే. ఇలాంటివి రాయమని ఎవరు చెప్పారు? ఈ క్షణమే నువ్వు బయటికి నడు!"

నేను కుర్చీలోంచి లేవలేదు. "మీరు అన్నారు గనక రాశానండీ. అనకపోతే రాసేదాన్ని కాదు" అన్నాను.

అప్పుడు చైర్మన్‌గారు, జన్మలో మొదటిసారి పూర్తిగా మేలుకుని, మెల్లగా అడిగారు. "అమ్మా, ఇన్నేళ్ళుగా మా మీటింగులన్నిటికీ ఇలాంటి చిత్తుప్రతులు రాశావా?"

"రాశానండీ."

"అవన్నీ ఎక్కడున్నాయి?"

"మా ఇంట్లో, అటక మీదండీ."

డైరెక్టర్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెద్ద డైరెక్టరు తన బిస్కట్ల పళ్ళెం నా వైపు జరిపాడు. చిన్న డైరెక్టరు లేచి ఫ్యాను నా మీదికి తిప్పాడు. "ఆవిడ రిటైరయ్యేదాకా ఆ కుర్చీ ఆవిడదే" అన్నారు చైర్మన్‌గారు, "ఇకమీదట మేం అన్నది రాయకమ్మా. మాలాంటి పెద్దమనుషులు ఏమంటే బాగుంటుందో అది రాయి." మేనేజరు కూడా అవునవునన్నాడు, ఆ ఒక్క మాటా సాపు ప్రతిలో కూడా మార్చకుండా రాశాను.

అల్లుడు ట్యాబ్ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. "మీరే ఉంచుకోండి, నాకిది చూస్తే ఆ మాటే వినిపిస్తుంది" అన్నాడు. ఊరికే పుచ్చుకోనన్నాను. అతనిచ్చిన ధరకే, చైర్మన్‌గారు కంపెనీ చేత కొనిపించారు. అబ్బాయి అటునుంచి అటే పని వెతుక్కోడానికి వెళ్ళాడు, మామ పిలుస్తున్నా వెనక్కి తిరగలేదు.

తమ్ముడూ, అది ఏ మోడలని అడగకు. నాకు తెలీదు. రాస్తోంది, చాలు.

ఇట్లు,
కుర్చీలోనే ఉన్న నీ అక్క

తా.క. అటక మీద చిత్తు కాగితం ముక్క కూడా లేదు. సాపు ప్రతి మీద సంతకాలు పడిన రోజే చింపి పారేసేదాన్ని. ఈ సంగతి ఎవరికీ చెప్పకండి. మరదలు ఎలాగూ చెప్పదు. తమ్ముడితోనూ భయం లేదులే, చెప్పాలా వద్దా అని వాడు పోల్చి చూసుకునేసరికి నేను రిటైరవుతాను.