ప్రాసెసరుకు పూలు వేసి అడిగిన విధము

జూన్ 29, ఆదివారం

ఆట మధ్యలో తెర మీద నోటీసు. జూలై ఇరవై నుంచి పాత తరం ప్రాసెసర్లపై ఆట నడవదట. నా ప్రాసెసరు సర్వీసు ఎనిమిదేళ్ళు. పదవీ విరమణ ఉత్తర్వు ఇచ్చిన తీరు మర్యాదగానే ఉంది. సంజాయిషీ అడగలేదు, దండ కూడా వేయలేదు.

మదురై నుంచి ఆడుతున్న చెల్లెలు విజి నాకన్నా ముందే చదివింది.

"నీ డబ్బా ఇంక పరిగెత్తదు అణ్ణా." వెంటనే — "ఎడమ పక్క, గోడ ఎనకాల ఒకడుండాడు, చూడు."

పదహారు నెలల్లో ఆట బయటి విషయం మీద ఆమె నాతో అన్న మొదటి మాట, ఈ రెంటిలో మొదటిది.

జూన్ 30

పూర్వాపరాలు, రికార్డు నిమిత్తం.

పదహారు నెలల కిందట, విజి కూతురికి చెవులు కుట్టించిన రోజున మదురై మండపంలో మైకు అందుకొని నేనొక ధ్రువపత్రం చదివాను. "మా ఇంట వందల ఏళ్ళు జీవించిన తెలుగు, ఈ పాప తమిళం మాత్రమే మాట్లాడుచున్నందున, ఈ దినమున సహజ కారణములచే మరణించినదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." మండపం నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. విజి నవ్వలేదు.

"నువ్వూ నవ్వితివే అమ్మా..." అంది.

ఆ తరువాత ఫోన్లు లేవు, రాకపోకలు లేవు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు ఆడే ఆట మాత్రం ఆగలేదు. ఎందుకు ఆగలేదని ఇద్దరం అడగలేదు. ఎదుటి జట్లకు అర్థం కాకూడదని విజి ఆటలో తెలుగే మాట్లాడుతుంది — మరణించినట్లు నేను ధ్రువీకరించిన భాష. ఆట నిలిస్తే అదీ నిలుస్తుంది.

తరాలుగా తమిళ దేశంలో ఉన్న మా ఇంట్లో తెలుగు చదవగలవాణ్ణి నేనొక్కణ్ణే. అందుచేత ఈ డైరీకి తాళం లేదు.

జూలై 1

ప్రాసెసరు ఎంపిక సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు, కార్యదర్శి, సభ్యుడు: నేను. కోరం ఉంది. అమ్మ ఓటు హక్కు లేని పరిశీలకురాలు.

"ఏమి చెడిపోయె? విజి మాట్లాడే డబ్బానా?"

అదే అన్నాను.

జూలై 3

సంఘం ముందు రెండు పెట్టెలు.

నీలం కంపెనీది: కోర్లు ఎక్కువ, వేడీ ఎక్కువ. అది కొంటే మదర్‌బోర్డు మార్చాలి, బోర్డు మారితే ర్యామ్ మార్చాలి. ఒక గుమాస్తాను నియమించడానికి ఆఫీసు భవనం కూల్చి కట్టడం వంటిది. ఎర్ర కంపెనీది: పాత బోర్డులోనే దిగుతుంది. ఆ బోర్డు మోయగల ఆఖరి తరం. ఆ తరువాత దారి లేదు.

ముప్పై ఒక్క వీడియోలు చూశాను. ఒకాయన అరగంట సేపు గ్రాఫులు చూపి, చివరకు "ఏది మంచిదన్నది మీ అవసరాన్ని బట్టి" అన్నాడు. నా అవసరానికి ఏ గ్రాఫులోనూ గీత లేదు.

జూలై 5

గాంధీపురంలో కంప్యూటరు అంగడి. అంగడాయన శరవణన్ నీలం పెట్టెను రెండు చేతులతో, ప్రసాదంలా, బల్ల మీద పెట్టాడు. ఇది తీసుకుంటే అయిదేళ్ళు చింత లేదని తమిళంలో హామీ.

"గేమింగ్ మట్టుందానా సార్? స్ట్రీమింగ్?"

ఆట మాత్రమే అన్నాను. చెల్లెలితో మాట్లాడడానికి అనలేదు. ఆ కేటగిరీ ఆయన పట్టికలో ఉండదు.

జూలై 6, ఆదివారం

"కొంటివా అణ్ణా?"

"పరిశీలనలో ఉంది."

"ఏమి పరిశీలన? చెట్నీకి కొబ్బరి పగలగొట్టేకి కూడా మీటింగు పెడ్తువు నువ్వు."

సగం నవ్వు వినిపించింది. మిగతా సగం కాల్పుల్లో పోయింది.

హెడ్‌ఫోను చెడిపోయి చాలా కాలమైనందున ఆట స్పీకరు మీదనే నడుస్తుంది. కొత్తది కొనిస్తానంటే అమ్మ వద్దంది: చెవులకు మంచిది కాదట. గది గడప దగ్గర అమ్మ చిక్కుడుకాయలు వలుస్తోంది. ఆదివారం, రెండు గంటలకు. పదహారు నెలలుగా మా ఇంట ఆదివారం సాయంత్రం చిక్కుడు కూర తప్పడం లేదు. కారణాన్ని సంఘం ఇప్పుడే గమనించింది. వ్యాఖ్య లేదు.

జూలై 8

సింగానల్లూరు. చిన్నాన్న మోటారు వైండింగు షెడ్డు. నిపుణుల అభిప్రాయ సేకరణ.

"ఎన్ని హెచ్‌పిరా అది?"

హెచ్‌పి కాదు, వాట్లు అన్నాను. నీలందానికి ఎర్రదాని కన్నా రెట్టింపు.

"సరి. బావి ఎట్లుండాది?"

బావి అంటే గ్రాఫిక్స్ కార్డని గ్రహించడానికి నాకు కొంత సమయం పట్టింది. పాతదే, అది మార్చే ఉద్దేశం లేదన్నాను.

"ఊట లేని బావికి పెద్ద మోటారు దించితే ఏమయితాది? గాలి లాగుతాది. కాయిలు కాలిపోయి మళ్ళీ నా కాడికే తెస్తువు. ఉండే నీళ్ళకు తగింది దించు, పో."

రాగి తీగ చుట్టడం ఆపకుండానే చెప్పాడు. ముప్పై ఒక్క వీడియోల సారం. గ్రాఫులు లేవు.

జూలై 10

పరిశీలకురాలు గడువు విధించింది.

"ఆడి పుడితే కొత్త సామాను ఇంటికి రాకూడదు. అంతలోపల ముగించు."

తమిళ పంచాంగం ప్రకారం ఆడి మాసం పుట్టేది పదిహేడున. ఆట కంపెనీ ఇచ్చిన గడువు కన్నా మూడు రోజులు తక్కువ. అప్పీలుకు అవకాశం లేదు.

"శనివారం గుడికి పోదాము. పూలు వేసి అడుగుదాము."

ఒకే తీరు పొట్లాలు రెండు: ఒకదానిలో ఎర్ర పువ్వు, ఒకదానిలో తెల్ల పువ్వు. మనసులో ప్రశ్న పెట్టుకొని అమ్మవారి ముందు వేస్తే పూజారి ఒకటి తీస్తాడు. మా ఇంట పెళ్ళిళ్ళు, బోర్లు, అమ్మ కంటి ఆపరేషను — అన్నీ ఈ పద్ధతిలోనే మంజూరయ్యాయి. ఎర్ర కంపెనీ ఉండనే ఉంది కనుక సంఘం అభ్యంతరం చెప్పలేదు.

జూలై 12, శనివారం

కారమడై పక్కన మా అమ్మవారి గుడి. అమ్మ పొట్లాలు వేసింది. చాలాసేపు కళ్ళు మూసుకుంది, ఒక ప్రాసెసరుకు అవసరమైన దానికన్నా చాలాసేపు.

పూజారి విప్పాడు. తెల్లది.

సంఘం ముందున్నవి ఎర్ర కంపెనీ, నీలం కంపెనీ. తెల్ల కంపెనీ ఏదీ టెండరు వేయలేదు. తిరుగు బస్సులో వివరణ కోరాను.

"నేను నీ డబ్బా గురించి అడగలేదురా."

మరి?

కిటికీ వైపు తిరిగి చెప్పింది. "విజికి నేను ముందు ఫోను చేసేదా వద్దా అని అడిగితి. తెల్లది వస్తే చెయ్యాల."

వచ్చింది కదా అన్నాను.

"వచ్చింది. ఎట్ల చేసేది? నవ్వింది నేను కదా."

పొట్లంలోని తెల్ల పువ్వును కొంగు చివర ముడి వేసుకుంది.

"ఆ డబ్బాను మాత్రం నిలిపేయొద్దు సామీ. వారానికి ఒకతూరి దాని గొంతు వినబడతా ఉండాది."

కాలేజీలో పదకొండేళ్ళుగా మీటింగుల మినిట్స్ రాస్తున్నాను. ఈ వాక్యాన్ని ఏ అంశం కింద చేర్చాలో తెలియలేదు.

జూలై 14

ఎర్రది కొన్నాను. తీర్మానం ఏకగ్రీవం. శరవణన్ ముఖంలో నా భవిష్యత్తు పట్ల విచారం.

జూలై 16

కొత్త ప్రాసెసరును గుర్తుపట్టడం ముందుగా పాత బోర్డుకు నేర్పాలి. అదొక అప్‌డేట్. మధ్యలో కరెంటు పోతే బోర్డు మళ్ళీ లేవదు. ఉదయం పది నుంచి గ్రైండరు వాడరాదని ఉత్తర్వు జారీ చేశాను. అమ్మ స్విచ్‌బోర్డు ముందు నిలబడి, పక్కింటివాళ్ళు కూడా గ్రైండరు వేయకుండా గోడ మీదుగా చెప్పి వచ్చింది. పక్కింటి మీటరుకూ మా మీటరుకూ సంబంధం లేదని చెప్పలేదు.

అప్‌డేట్ ముగిసింది. పాతది బయటకు తీశాను. దాని మీది వేడి లాగే పేస్టు ఎండి విభూతిలా రాలింది. కొత్తది దించాను, పేస్టు పూశాను, ఫ్యాను బిగించాను. మీట నొక్కాను.

నల్ల తెర.

నిమిషం. రెండు. నాలుగు.

"ఆడి రేపు కదా? ఈ పొద్దు కాదు కదా?" అంది అమ్మ.

అయిదో నిమిషంలో వెలిగింది. అమ్మ కర్పూరం తేవడానికి వెళ్ళింది. పొగ అంటే భయపడే యంత్రమని బతిమాలి గది బయటే హారతి ఇప్పించాను.

జూలై 18

విజికి లేఖ, చిత్తుప్రతి. "విషయం: మరణ ధ్రువపత్రం రద్దు గురించి." నాలుగుసార్లు రాశాను. నాలుగూ చదివితే నవ్వు వస్తోంది. లోపం అదే. చించేశాను.

జూలై 20, ఆదివారం

రెండు గంటలు. ఆట తెరుచుకుంది. ఎక్కడా తడబాటు లేదు.

నా కుర్చీ పక్కన ఇంకొకటి వేశాను. గడప దగ్గర కూర్చోబోతున్న అమ్మకు చూపాను. కాసేపు నిలబడి, గిన్నెతో సహా వచ్చి కూర్చుంది.

"ఓ, వస్తివా! ఏ కంపెనీది అణ్ణా?"

ఎర్రది అన్నాను. చిన్నాన్న బావి సంగతి చెప్పాను. ఈసారి పూర్తిగా నవ్వింది. అమ్మ చేతిలో కాయ విరిగింది.

"అదేమి సద్దు? ఆడ ఎవురు?"

మైకును అమ్మ వైపు తిప్పాను.

అమ్మ గిన్నె కింద పెట్టింది. చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. తెర మీద విజి బొమ్మ, నా బొమ్మ మైదానం మధ్యలో కదలకుండా నిలబడ్డాయి, ఎవరు కాల్చినా తగిలేటట్టు.

"విజీ," అంది అమ్మ. "మదురైలో చిక్కుడుకాయ కిలో ఏమి వెల కన్నూ?"

స్పీకరులో గాలి చప్పుడు. నాకెవరో తూటా దింపారు, తెర ఎర్రబడింది.

గిన్నె తీసుకొని బయటకు వచ్చి తలుపు వేశాను. గడప దగ్గర, అమ్మ చోట కూర్చొని ఇది రాస్తున్నాను. తుపాకుల చప్పుడు ఆగింది. తలుపు మూసి ఉంటే ఇక్కడికి మాటలు రావని ఇప్పుడే తెలిసింది. ఉన్నాయో లేవో మరి... గిన్నెలో ఇంకా సగం కాయలున్నాయి.