కూతకు వెళ్లిన బిల్లీ సాబ్

ముసఫ్ఫా క్యాంపు, శుక్రవారం, 1982

మా ఫోర్‌మన్ బిల్లీ సాబ్ అమెరికాలో మొదట కాలేజీకి, తర్వాత జీతానికి వాళ్ల ఫుట్‌బాల్ ఆడాడు. బంతిని చంకలో ఇరికించుకుని, అడ్డొచ్చినవాళ్లను తోసుకుంటూ పరుగెత్తడమే ఆయన పని. మోకాలు దెబ్బతిని ఆట పోయాక ఇటు, ఈ ఎడారి దేశానికి పనికి వచ్చాడు.

ఈ సాయంత్రం మా కబడ్డీలో ఆయనను కూతకు పంపాం. నలుగురు పట్టుకున్నా ఈడ్చుకుంటూ పోయి, అవతలి చివరి గీత దాటి, చేతులెత్తి నిలబడ్డాడు.

"సాబ్, ఔట్! వాపస్ ఆనా!" అని రాజన్న అరిచాడు.

"వాపస్ క్యోం?"

వాళ్ల ఆటలో ఆ చివరకు చేరితే గెలుపట.

"ఈయనకు పోవుడే తెల్సు, వచ్చుడు తెల్వది" అన్నాడు రాజన్న. పడీ పడీ నవ్వాం.

ఇప్పుడు ఆ మోకాలు వాచింది. రేపు కంపెనీ డాక్టరు చూస్తాడు. పనికిరాడంటే ఇంటికి పంపేస్తారు. ఎండ ముదిరితే ముదీర్‌తో, అదే మేనేజరుతో, గొడవపడి మమ్మల్ని నీడకు పంపే మనిషి మళ్లీ దొరకడు.

మోకాలికి నేను నూనె రాస్తుంటే, "మల్లయ్యా, ఆజ్ కోయీ నై రోకా" అన్నాడు. తననెవరూ ఆపలేకపోయారని ఆయన సంబరం.

తెల్లారి మళ్లీ నూనె రాయాలి. డాక్టరు ముందు కుంటకుండా నడిస్తే చాలు.