సందు మొదట్లో నొక్కిన బటన్

అంబులెన్సు సర్వీసు పెద్ద అధికారి గారి సముఖమునకు,

విషయం: స్కూటరు చేరితే బండి చేరినట్టు లెక్క కట్టే పద్ధతిని రద్దుచేసి, నా భార్యకు మళ్ళీ ఆయాసం వచ్చేలోగా మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్ళే బండి వచ్చే ఏర్పాటు చేయుట గురించి.

అయ్యా,

ఈ అర్జీ రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రాసినా చదివేదెవరని మంచం కూడా ఎక్కాను. "మీకు రాయడానికి బద్ధకం, నాకు ఊపిరి తీయడానికి బద్ధకం. సరిపోయింది జోడీ!" అని మా ఆవిడ అనడంతో లేచి కూర్చుని మనవి చేసుకొనునది ఏమనగా:

1. ఫోన్లు విపరీతంగా పెరిగిపోయినా, తమ శాఖ పది నిమిషాల్లోపే రోగిని చేరుకుంటున్నదని తమరు పేపర్లో సెలవిచ్చారు. ఫొటోలో షీల్డు కూడా బాగా మెరిసింది. చేరుకుంటున్న మాట నిజమే. చేరుకునేది స్కూటరు.

2. దానిమీద సంచీతో వచ్చే నడివయసు మనిషి మర్యాదస్తుడు. మొదటిసారి వచ్చినప్పుడు, సంచీలోని చిన్న సిలిండరుతో ఆవిడకు గాలి పెట్టాడు. ఆవిడ కాస్త తెప్పరిల్లి అడిగింది:

"నాయనా, నన్ను నీ వెనకాల కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్తావా?"

"రూలు ఒప్పుకోదు పిన్నిగారూ."

"మరెందుకొచ్చావు?"

"వచ్చామని లెక్క చూపించడానికండీ. నేను ఫోన్లో 'చేరాను' అనే బటన్ నొక్కితే అక్కడ ఆఫీసులో గడియారం ఆగుతుంది."

3. బండి ఏదని తమ ఆఫీసుకు ఫోన్ చేయగా, అక్కడి అమ్మాయి చెప్పినది: "మీ కేసు టైములోపు అందినట్టు పడిపోయిందండీ. ఇంకా ఎవరూ వెళ్ళని వాళ్ళకి ముందు బండి పంపాలి కదా."

"మాకు వచ్చింది స్కూటరమ్మా!"

"వచ్చింది కదండీ మరి!"

ఆ అమ్మాయిని తప్పుపట్టను. మాట్లాడుతుండగానే ఆమె వెనక ఇంకో నాలుగు ఫోన్లు మోగుతున్నాయి. సిలిండరు ముల్లు అడుగుకు దిగాక బండి వచ్చింది.

4. ఇది విషయాంతరమే గాని, చెప్పకుండా ఉండలేను. నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఒకప్పుడు మా డిపోకి, బస్సులు టైముకి చేరి తీరాలని ఆర్డరు వచ్చింది. డ్రైవర్లు స్టాపుల్లో ఆపడం మానేశారు. బస్సు ఠంచనుగా చేరేది, జనం మాత్రం దారి పొడవునా చేతులూపుతూ నిలబడి ఉండేవాళ్ళు. ఆ ఏడు షీల్డు మా డిపోకే వచ్చింది. మా వాళ్ళెవరైనా తమ శాఖలో చేరారేమోనని నా అనుమానం.

5. రెండోసారి ఆయాసం వచ్చినప్పుడు మా ఆవిడే ఉపాయం చెప్పింది. స్కూటరాయన గుమ్మం తొక్కకపోతే గడియారం ఆగదు, గడియారం ఆగకపోతే బండి వస్తుంది అని. గేటుకు తాళం వేశాను.

"బాబాయ్‌గారూ, తాళం తీయండి!"

"నువ్వొస్తే బండి రాదు నాయనా. వెళ్ళిపో."

"అయ్యో, బటన్ సందు మొదట్లోనే నొక్కేశానండీ!"

వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ పెదవులు నీలంగా ఉన్నాయి. తాళంచెవి నా జేబులోనే ఉంది, చేతికి దొరకలేదు. ఆయన గోడ దూకి వచ్చి గాలి పెట్టాడు. అయ్యా, పెళ్ళానికి ఊపిరి తెచ్చినవాణ్ణి గేటు బయట నిలబెట్టే దాకా తెచ్చింది నన్ను, తమ టార్గెట్టు.

కావున, రోగిని బండిలో పడుకోబెట్టాకే గడియారం ఆపవలసినదిగానూ, పెరిగిన ఫోన్లకు స్కూటర్లు కాక బండ్లు పెంచవలసినదిగానూ ప్రార్థన. తమ లెక్కలు చెడతాయి. చెడనివ్వండి, మా ఆవిడ మిగులుతుంది.

చిత్తగించవలెను. ఇందుకు గడువేమీ లేదు కనుక తమరు తీరిగ్గానే చిత్తగిస్తారని ఎరుగుదును.

తమ విధేయుడు,
ఒక రిటైర్డ్ కండక్టరు

తా.క.: కవరు అంటించకముందే ఆవిడకు మళ్ళీ ఆయాసం వచ్చింది. ఆ స్కూటరాయనే వచ్చాడు. ఫోన్ జేబులోంచి తీయలేదు, బటన్ నొక్కలేదు, నేరుగా వచ్చి గాలి పెట్టాడు. తమ ఆఫీసులో గడియారం ఇంకా నడుస్తూనే ఉండటంతో పెద్ద బండి పరుగున వచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో కోలుకుంటున్నది. ఆలస్యంగా చేరినందుకు ఆయనకు మెమో ఇచ్చారు.