నాలుగువందల పన్నెండో సీసా

భవానీపురం,
శనివారం పొద్దున.

అమలా,

ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పు. పెళ్లయిన ఇరవైరెండేళ్లలో నా నోట ఒక్కనాడైనా మందు వాసన వచ్చిందా? నీ మీద ఒక్కసారైనా చెయ్యెత్తానా?

ప్రభువు పేరిట వందనాలు. ఇక్కడ నేనూ, నీ కరివేపాకు మొక్కా క్షేమం. మైలవరంలో నువ్వూ అత్తయ్యా కులాసాగా ఉన్నారని మీ తమ్ముడు యేసుకుమార్ చెప్పాడు. నువ్వు ఫోను ఎత్తవు కాబట్టి ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను.

నీ చీటీలో అడిగినవాటికి జవాబులు. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. ఆవకాయ మానలేదు. మూడోది, "అబద్ధాలు మానేశారా?" అన్నావు. దానికి కొంచెం ఓపిక పట్టాలి.

నువ్వు పుట్టింటికి పోవడంలో న్యాయం ఉంది. పదిహేనేళ్లుగా ప్రార్థన కూటాల్లో నాది ఒకటే సాక్ష్యం: "రోజుకో ఫుల్ బాటిల్ తాగేవాణ్ణి! భార్యను గొడ్డును బాదినట్టు బాదేవాణ్ణి! ప్రభువు నన్ను బురదలోంచి లేపాడు!" చుక్క ముట్టనివాడి మాట తాగుబోతు వింటాడా అని మొదలుపెట్టాను. జనం ఏడ్చేకొద్దీ దెబ్బలు పెంచాను. ఆడవాళ్లు నిన్ను పట్టుకుని "ఎన్ని బాధలు పడ్డావో తల్లీ" అంటుంటే నువ్వు పళ్లు బిగపట్టావు. చివరికి అత్తయ్య ఫోనులో ఆ ప్రసంగం చూసి, "నా బిడ్డను బెల్టుతో కొడతాడా వీడు?" అని బస్సెక్కి వచ్చి నిన్ను వెంటబెట్టుకుపోయింది. పంచె కట్టేవాడికి బెల్టెక్కడిది?

నిన్న కూటం అయ్యాక లక్ష్మీకాంత్ గారు వచ్చారు. బెంజ్ సర్కిల్లో టైల్స్ షాపు ఆయనది. నా సాక్ష్యం విని నెల రోజులుగా తాగుడు మానిన మనిషి. కొడుకు పెళ్లికని దాచుకున్న స్కాచ్ సీసా నా చేత పారబోయించడానికి తెచ్చారు. లిమిటెడ్ ఎడిషన్ సింగిల్ మాల్టట. లోకం మొత్తానికి ఆరువందల సీసాలే చేశారట. దాని మీద చేత్తో రాసిన నంబరు నాలుగువందల పన్నెండు.

"పారబోసేముందు ఒక్క చుక్క రుచి చూసి అసలుదో నకిలీదో చెప్పండి అయ్యగారూ," అన్నారు. "నకిలీది పారబోస్తే త్యాగం కాదు కదండీ. నేను ఒట్టేశాను. మీరైతే పాతకాపు."

"కానివ్వు బావా, పాతకాపువే కదా!" అన్నాడు మీ తమ్ముడు.

స్టీలు గ్లాసులో పోయించుకుని దగ్గు మందులా ఒక్క గుక్కలో మింగాను. చెవుల్లోంచి మంట వచ్చింది. "నకిలీ! ఆస్పత్రి కట్టు వాసన, కాలిన తాటాకు పొగ!" అని అరిచాను.

"ఆ పొగ కోసమే కదండీ జనం ఎగబడేది," అన్నారు లక్ష్మీకాంత్ గారు. నా మొహంకేసి చాలాసేపు చూశారు. "మీరు జన్మలో తాగలేదు కదండీ?"

యేసుకుమార్ నవ్వు ఆపుకోలేక బయట చెప్పుల దగ్గరికి పారిపోయాడు. ఆయన మాత్రం నవ్వలేదు. "మిమ్మల్ని నమ్మి మానేశానండీ. ఆదివారం అందరి ముందూ నిజం చెప్పండి, అక్కడే పారబోస్తాను. చెప్పకపోతే సీసా పట్టుకుని ఇంటికి పోతాను," అని అప్పటిదాకా దాన్ని నా దగ్గరే వదిలి వెళ్లారు.

చెబుతాను అమలా. అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ మన గోడ క్యాలెండరు మీదే ఉంది. దాని కింద నిలబడే ఇన్నాళ్లూ పలికాను. రేపు నువ్వు ముందు వరసలో కూర్చోవాలి. "ఈమె ఒంటి మీద నా దెబ్బ ఒక్కటీ లేదు" అని నిన్ను చూపించి చెప్పాలి.

ఇక ఇంతవరకూ దాచిన సంగతి. ఈ పొద్దున దాన్ని మళ్లీ రుచి చూశాను. ఎవరూ అడగలేదు. పొగ వెనకాల తేనె ఉంది, అమలా. ఆ వెనక తడిసిన మట్టి వాసన. కడుపు కోసం ద్రాక్షారసం కొంచెం పుచ్చుకొమ్మన్న బైబిలు వచనం వెతికి పట్టుకున్నాను. అందులో కొంచెం అనే ఉంది, రెండోసారి అని లేదు.

సీసా మన బియ్యం డబ్బాలో ఉంది. ఇంట్లో ఉన్నది నేనూ అదే. రేపు అనకు! బట్టలు సర్దకు! యేసుకుమార్ బండెక్కి ఇవాళే, పొద్దుగూకేలోగా వచ్చి ఆ డబ్బా మూత మీద కూర్చో!

ఇట్లు,
నిన్నెన్నడూ కొట్టని నీ భర్త,
నతానియేలు