నీ జబ్బే వచ్చిన ఇంకో అమ్మాయి

సుజీ,

ఎలా ఉన్నావని అడగడం అలవాటైపోయింది... అందుకే ఇప్పుడూ అడుగుతున్నాను. నువ్వు పోయి పద్నాలుగు నెలలైంది. అమీర్‌పేటలో నాన్న టైలరింగ్ షాపు మళ్లీ పొద్దున్నే తీస్తున్నాడు. అమ్మ కాస్త తింటోంది.

ఒక మాట చెప్పాలి. ఇంకెవరికి చెప్పినా నన్ను అసహ్యించుకుంటారు. నీమీద నాకు ఎప్పుడూ కుళ్లే, చెల్లీ.

మూడేళ్లప్పుడు నీ తలమీద మెత్తటి బుడిపె లేచింది. హిస్టియోసైటోసిస్ అన్నారు, చాలా అరుదన్నారు. ఏడాది పాటు అమ్మ నిన్ను ఎత్తుకుని ఆసుపత్రికి తిరిగింది. జబ్బు తగ్గింది, దాహం మిగిలింది. ముక్కులో మందు వేసుకోకపోతే ఎన్ని నీళ్లు తాగినా నీకు చాలేవి కావు. ఎత్తూ పెరగలేదు. అందుకని ఇంట్లో మొదటి ముద్ద నీకు, ఫ్యాను కింద చోటు నీకు. నాకూ ఏదో ఒక జబ్బు రావాలని దండం పెట్టుకునేదాన్ని... నీకు తెలుసా?

పెద్దయ్యాక ఇద్దరం ఒకే క్లాసులో జావా నేర్చుకున్నాం. ఉద్యోగం నీకే వచ్చింది. "ఫికర్ జెయ్యకు అక్కా, నీకు సుత వస్తది" అంటూ ఆఫీసు బస్సులోంచి చెయ్యి ఊపేదానివి. నాకు ఒళ్లు మండేది.

ఆ చెయ్యే కదా ముందు వణికింది? నీ సంతకం వంకర పోతే అందరం నవ్వాం. గిన్నె జారితే పని ఎగ్గొడుతున్నావని తిట్టింది నేనే. ఎప్పుడో తగ్గిన జబ్బు ఇరవై ఏళ్లకు మెదడులో బయటపడుతుందని మనకెవరు చెప్పారు? ఆలస్యంగా వెళ్లాం. తర్వాత నడక పోయింది, మాట పోయింది, చివరికి మింగడం కూడా...

రెండు నెలల క్రితం పంజాగుట్ట ఆసుపత్రి నుంచి మన డాక్టరమ్మ ఫోన్ చేశారు. చిన్నప్పుడు ఈ జబ్బు వచ్చినవాళ్లు పెద్దయ్యాక ఎలా ఉన్నారో రాసుకుంటున్నారట. నీ ఫైలు కావాలన్నారు. తీసుకెళ్లాను.

బయట బెంచీ మీద ఒకమ్మాయి కూర్చుని ఉంది. నీ వయసే. నీలాగే పొట్టి. నీ జబ్బే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఒళ్లో కూతురు. "ఎప్పుడో తగ్గిపోయిందండి. ఏడాదికోసారి చూపించుకుంటాను, అంతే" అంది.

నిన్ను చూసి కూడా నేనంతగా కుళ్లుకోలేదు. ఆమెకు ఇవన్నీ ఎందుకున్నాయి? నీకెందుకు లేవు?

నర్సు ఆమెకు రిజిస్టరు ఇచ్చింది. ఆమె తన పేరు రాస్తుంటే అక్షరాలు గీత దాటి కిందికి జారాయి. "ఈమధ్య నా రాత పాడైందండి, కీబోర్డు అలవాటైపోయి" అని నవ్వింది.

ఆ రాత ఏమిటో నాకు తెలుసు. అక్కడ నాకొక్కదానికే తెలుసు. చెప్పలేదు. ఫైలు కూడా ఇవ్వకుండా మెట్లు దిగిపోయాను. నీకు వచ్చింది ఆమెకూ రానీ అనుకున్నాను సుజీ... నిజంగానే అనుకున్నాను.

ఎర్రమంజిల్ దాకా నడిచాను. ఆ పాప తల్లి మెడలో గొలుసు పట్టుకుని ఆడుకుంటున్న తీరే కళ్లముందు మెదులుతోంది. వెనక్కి తిరిగాను, సగం దూరం పరిగెత్తాను.

ఆమె ఇంకా బెంచీ మీదే ఉంది. "మా చెల్లెలి రాత కూడా ఇట్లనే మారింది. మేం పట్టించుకోలే. మీరు లోపలికి పోయి ఇది జర చెప్పండి" అన్నాను. ఆమె పాపను ఎత్తుకుని లేచింది. నీ ఫైలు డాక్టరమ్మకు ఇచ్చేశాను.

స్కానింగులో తేలింది, నీకు వచ్చిందే. ఇప్పుడే మొదలైందట. మందు పెట్టారు. ఇక్కడితో ఆగవచ్చు, ఆగకపోనూవచ్చు అన్నారట. నిన్న ఫోన్ చేసి, ఈ నెల చేతి వణుకు పెరగలేదని చెబుతూ ఏడ్చింది.

ఫోన్ పెట్టేశాక నేనూ ఏడ్చాను. ఆమె కోసం కాదు. ఆ మాట నీ గురించి విని ఉండాల్సింది.

వచ్చే నెల ఆమె చూపించుకోవడానికి వస్తుంది. ఆమె లోపల ఉన్నంతసేపూ పాపను నేను ఎత్తుకుంటానని మాటిచ్చాను. నాకు మండుతూనే ఉంటుంది. అయినా వెళ్తాను.

నీ
రమక్క