పడమన్నారు, పడలేదు

బావా,

నిన్న క్లబ్బు కమిటీ నన్ను పిలిచింది. నీకు క్షమాపణ చెబుతూ ఉత్తరం రాసి, దాని నకలు వాళ్ళకివ్వమంది. ఇచ్చేదాకా ఆడపిల్లల బ్యాచికి జూడో నేర్పడానికి రావద్దంది. ఇదిగో, ఉత్తరం రాస్తున్నాను. క్షమాపణ మాత్రం ఇందులో ఎంత వెతికినా దొరకదు. నకలు కూడా ఇవ్వను.

నువ్వు సెలవు పూర్తికాకుండానే సంచి సర్దుకుని వెళ్ళిపోయావు. యూనిట్ నుంచి ఫోనొచ్చిందని అక్కతో అన్నావట. అక్క నమ్మలేదు, నేనూ నమ్మలేదు. ఊరంతా మాత్రం నేనే నిన్ను తరిమేశానని తీర్మానించేసింది. సీటు కవర్లు కుట్టించుకోవడానికి మా షాపుకొచ్చిన టాక్సీ డ్రైవరు కూడా, "సైన్యంలో ఉన్న బావగారిని అందరి ముందూ ఎత్తి పడేసింది మీరేనా?" అనడిగాడు. నేనేనన్నాను. అయితే వేరేచోట కుట్టించుకుంటానని బండెక్కి వెళ్ళిపోయాడు. వెళ్ళనీ.

ఆ రోజు జరిగినదాంట్లో నీకు సగమే తెలుసు. మిగతా సగం హాలు వెనక నడవాలో జరిగింది. అది నీకు చెప్పకుండా ఎవరికీ ఏ సంజాయిషీ ఇవ్వదలచుకోలేదు.

సైన్యంలో ఉన్న మన జూడో వాళ్ళకి సన్మానం అనగానే అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే. మన హాల్లో నేర్చుకుని సైన్యంలో చేరింది మీరు నలుగురు. మిగతా ముగ్గురికీ సెలవు దొరకలేదు. వాళ్ళ ఇళ్ళ నుంచి జూడో దుస్తులు తెప్పించి, నేనే ఉతికి, ఇస్త్రీ చేసి, మడతల మీద బెల్టులు పెట్టి మ్యాటు మీద వరసగా ఉంచాను. ఆ ముగ్గురిలో మన చిచ్చుబుడ్డి ఉందే, దాని ప్యాంటుకి మోకాలి దగ్గర ఉన్న చిరుగు కుట్టబోయి ఆగిపోయాను. కుట్టేస్తే అవి దాని దుస్తుల్లా ఉండవనిపించింది. మాస్టారు ముందుకొచ్చి ఒక్కొక్కరి పేరూ పిలిచి, కాసేపాగి, "వంగండి" అన్నారు. చిన్నపిల్లల దగ్గర్నుంచి బ్లాక్ బెల్టుల దాకా హాలంతా ఆ ఖాళీ దుస్తులకి వంగి నమస్కరించింది. నీ పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, నువ్వు అందరికంటే ఆలస్యంగా తలెత్తావు. నాకు కళ్ళు మసకబారాయి. సన్మానమంటే అదీ. అక్కడితో ఆపేసి ఉంటే అందరం సుఖంగా ఇళ్ళకి పోయేవాళ్ళం.

ఆ తర్వాత నువ్వు లోపల దుస్తులు మార్చుకుంటుంటే, క్లబ్బు అధ్యక్షుడుగారు నీతో పోటీకి దిగాల్సిన మమ్మల్ని నడవాలోకి పిలిచారు.

"చూడండమ్మా, చూడండి బాబూ, వచ్చినవాళ్ళంతా పెద్దమనుషులు. మనవాడు ఒక్కొక్కర్నీ విసిరేస్తుంటే చప్పట్లు మోగిపోవాలి. ఆయన చెయ్యి తగలగానే పడిపోండి. ఎవరూ ప్రతాపం చూపించక్కర్లేదు."

"మాస్టారికి తెలుసా?" అన్నాను.

"పెద్దాయన్ని ఎందుకమ్మా ఇబ్బంది పెట్టడం?"

"అయితే నేను పడను."

"సొంత బావే కదా, ఆ మాత్రం చెయ్యలేవా?"

"సొంత బావ కాబట్టే చెయ్యలేను."

ఆయన నవ్వేశారు. నేను ఊరికే అంటున్నాననుకున్నారు.

తర్వాత జరిగింది నీకు తెలుసు. నువ్వు కాలరు పట్టుకోగానే మొదటివాడు పడ్డాడు. రెండోవాడు పట్టుకోకముందే పడ్డాడు. మన గుమ్మడికాయ సంగతి చెప్పనక్కర్లేదు. అంతటి మనిషి కప్పలా గాల్లోకి ఎగిరాడు. ఆ ఎగరడమైనా సరిగ్గా రాలేదు పాపం, నువ్వు ఎడమకి లాగితే కుడికి పడ్డాడు. ముందు వరసలో పిల్లలు పడీపడీ నవ్వారు. పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు. నేను నీ ముఖమే చూస్తున్నాను. అందులో కోపం లేదు, నవ్వు లేదు, అసలేమీ లేదు. మా బావని ఆటబొమ్మని చేసి ఆడిస్తున్నారు, ఆయన మర్యాద కోసం భరిస్తున్నాడు అనుకున్నాను. నా ఒళ్ళు మండిపోయింది.

అక్క పెళ్ళైన కొత్తలో నన్ను చెయ్యి పట్టుకుని హాలుకి తీసుకెళ్ళింది నువ్వు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా నన్ను గెలవనివ్వలేదు. ఏడుస్తూ ఇంటికొచ్చి నీ బూట్లలో నీళ్ళు పోసేదాన్ని. నువ్వు తడిబూట్లతోనే పనికి వెళ్ళేవాడివి కానీ, నాకోసం మాత్రం పడేవాడివి కాదు. చిన్నపిల్లననీ, ఆడపిల్లననీ, మరదలిననీ ఏ రోజూ తగ్గలేదు. నన్ను మనిషిగా లెక్కపెట్టిన మొదటివాడివి నువ్వే బావా. అలాంటిది నీ ముందు నేను గుమ్మడికాయలా దొర్లనా?

నా వంతు వచ్చింది. "గట్టిగా పట్టు బావా" అన్నాను, నీకొక్కడికే వినపడేలా. నువ్వు పట్టుకున్నావు. నీ కుడిచేతి పట్టు వదులుగా ఉంది. నువ్వు కూడా నాతో నాటకమే ఆడుతున్నావనుకుని ఇంకా మండింది. గిర్రున తిరిగి, నడుం కిందికి దించి, భుజం మీదుగా విసిరాను. నువ్వు నేలని చరిచిన చప్పుడు తప్ప హాల్లో ఇంకే చప్పుడూ లేదు. నువ్వు లేచావు, నాకు వంగి నమస్కరించావు, నా వంక చూడకుండా వెళ్ళిపోయావు.

చూడకుండా వెళ్ళిపోయావే, అదొక్కటే నన్ను కోస్తోంది. అధ్యక్షుడు అరిచాడు, అమ్మ ముఖం తిప్పుకుంది, అక్క మాటలు మానేసింది. అవన్నీ నేను మోయగలను. నువ్వు తిట్టు. నాలుగు పేజీలు తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

నీ దగ్గరే పడడం నేర్చుకుని, నీకోసం పడని
నీ మొండి మరదలు

&nbsp;

గౌరవనీయులైన బావగారికి,

గారు తగిలించానంటే కోపమొచ్చిందని అర్థం. ఉత్తరం చేరినట్టు తెలిసింది, జవాబు లేదు. అక్క ఫోను కూడా ఎత్తడం లేదట. నామీద కోపం అక్క మీద ఎందుకు చూపిస్తున్నారు?

మొన్న అక్క షాపుకొచ్చింది. నేను మిషను మీద ఉన్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఒక్కసారి పడితే ఏం, అరిగిపోతావా?" అంది.

"ఒక్కసారి నిజంగా పట్టుకుంటే ఆయన అరిగిపోతాడా?" అన్నాను.

"నీకేం తెలుసే? ఆ రోజు ఇంటికొచ్చి మంచం మీద అలా కూలబడిపోయారు. చొక్కా గుండీలు కూడా నన్నే విప్పమన్నారు. అంత నీరసపడిపోయారు అవమానంతో. పెళ్ళైనప్పట్నుంచీ ఆయన్ని నేనలా చూళ్ళేదు."

మిషను ఆపేశాను. అక్క ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరం ఫోము ముక్కల మధ్య నిలబడి వేరువేరుగా ఏడ్చాం. వెళ్ళేటప్పుడు, "ఒక్క మాట, తప్పైపోయిందని రాసెయ్యవే. నీ నోటి ముత్యాలేం రాలిపోవు" అంది. అక్క కోసం రాద్దామని కాగితం ముందు కూర్చున్నాను కూడా. కలం కదల్లేదు. చెయ్యని తప్పుని చేశానని రాస్తే, అది మాత్రం నాటకం కాదా? ఆ నాటకం వద్దనే కదా మిమ్మల్ని పడేసింది!

అధ్యక్షుడుగారూ వచ్చారు. ఆయనకి కూర్చోమని మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు.

"రెండు వాక్యాలు రాయమ్మా. ఆడపిల్లల బ్యాచి మళ్ళీ నీకే ఇస్తాం. నువ్వేమైనా పరాయిదానివా?"

"నడవాలో మీరన్న మాటలు కూడా ఉత్తరంలో రాయమంటే రాస్తాను."

ఆయన ముఖం మాడిపోయింది. "జవానుని అవమానించినవాళ్ళకి మా హాల్లో చోటు లేదు. బెల్టు కూడా తీసేసుకోగలం, తెలుసా?"

"బెల్టు నా నడుముకుందండీ. మీ దగ్గరున్నది హాలు తాళంచెవి" అన్నాను. షాపు ఓనరు దగ్గు వచ్చినట్టు నటిస్తూ లోపలికి వెళ్ళిపోయాడు. నవ్వాపుకోవడానికే.

ఆ సాయంత్రమే ఆడపిల్లల బ్యాచిలో కొందరు షాపుకొచ్చారు. కొత్త టీచరు వాళ్ళకి అధ్యక్షుడి పుట్టినరోజు ప్రదర్శన కోసం నడక నేర్పిస్తున్నాడట. "అక్కా, మాకు నడక వచ్చు, పట్టు కావాలి" అంది అందులో ఒకతి. ఓనరుని అడిగి వెనక షెడ్డు ఖాళీ చేశాను. మిగిలిపోయిన ఫోము పరిచి, రెగ్జిను తొడిగి, మ్యాటు తయారు చేశాను. మూడోరోజు మాస్టారు కర్ర పట్టుకుని వచ్చారు. గబగబా స్టూలు వేశాను. ఆయన స్టూలు మీద కూర్చుని చాలాసేపు చూసి, "అంచులు కలిపి కుట్టు. వేళ్ళు ఇరుక్కుంటాయి" అని వెళ్ళిపోయారు. మర్నాడు మళ్ళీ వచ్చారు. ఇప్పుడు రోజూ వస్తున్నారు. సన్మానం మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కాబట్టి నా నిర్ణయం వినండి బావగారూ. నేనింక ఆ హాలు గడప తొక్కను. మీరు చెప్పినా తొక్కను. మీరు నాతో జన్మంతా మాట్లాడకపోయినా సరే, రేపు వచ్చి నా ఎదుట నిలబడితే మళ్ళీ పడేస్తాను. మీకు చేతనైతే నన్ను పడెయ్యండి.

షెడ్డు నుంచి,
మీ మరదలు

&nbsp;

మొండిఘటానికి,

అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని నవ్వకు. ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచెయ్యి భుజం నుంచి కట్టేసి ఉంది. నేనున్నది సైనికాసుపత్రిలో. మీ అక్కకి పొద్దున్నే ఫోన్ చేసి అంతా చెప్పాను. ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది, తర్వాత అన్నం తిన్నారా అనడిగింది. ఇంక నీకు చెప్పాలి.

నన్ను ఆటబొమ్మని చేశారనీ, నేను మర్యాద కోసం భరించాననీ రాశావు. నువ్వు అనుకున్నది తప్పు. వాళ్ళు పడుతుంటే నాకు హాయిగా ఉంది. గుమ్మడికాయ ఎగిరినప్పుడైతే వాణ్ని ముద్దుపెట్టుకోవాలనిపించింది.

సెలవుకి రాకముందు మా బండి కొండదారిలో బోల్తాపడింది. పైకి దెబ్బలేం కనపడలేదు. భుజం లోపల ఏదో తెగిందని నాకు తెలుస్తూనే ఉంది. డాక్టరుకి చెప్పలేదు. చెబితే నన్ను ఆపేస్తారు, నా స్ట్రెచర్ జట్టు నేను లేకుండా పైకి వెళ్తుంది. మేం నలుగురం గాయపడ్డవాళ్ళని భుజాల మీద కిందికి మోసుకొచ్చేవాళ్ళం. ఒకడు లేకపోతే మిగిలినవాళ్ళ మీద ఎంత బరువు పడుతుందో నాకు తెలుసు. అందుకని మాత్రలు మింగుతూ నెట్టుకొచ్చాను. సన్మానంలో పోటీ అనగానే నా పైప్రాణం పైనే పోయింది. కానీ అందరూ ముట్టుకోగానే పడిపోతున్నారు. గండం గట్టెక్కిందనుకున్నాను. అంతలో నువ్వొచ్చి గట్టిగా పట్టు బావా అన్నావు.

గట్టిగానే పట్టానే పిచ్చిదానా. నా దగ్గర అంతే ఉంది.

నీకు తెలిసిపోయిందనుకున్నాను. ఆగితే అడుగుతావని భయపడి నీ ముఖం చూడకుండా వెళ్ళిపోయాను. గుండీలు మీ అక్కని విప్పమన్నది అవమానంతో కాదు, చెయ్యి లేవక. ఊళ్ళో ఉంటే దొరికిపోతానని పారిపోయి యూనిట్‌కి వచ్చాను.

వచ్చాక అభ్యాసం. పేషెంటులా పడుకోవడానికి మా కుర్రాణ్ని ఒకణ్ని స్ట్రెచర్ మీద పెట్టారు. "అన్నా, జాగ్రత్త, నాకింకా పెళ్ళి కాలేదు" అన్నాడు. అందరం నవ్వాం. ఎత్తబోయి పట్టు బిగించాను. నీ చేతుల్లో నా పట్టు ఎలా జారిపోయిందో గుర్తొచ్చింది. అక్కడ కింద మ్యాటు ఉంది, పడ్డాను, లేచాను. ఇక్కడ కింద లోయ ఉంటుంది, పడేది నేను కాదు. స్ట్రెచర్ దించేసి నడుచుకుంటూ డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

ఆపరేషన్ చేశారు. ఇంక మోతపని నాకు ఇవ్వరట. కొత్తగా చేరినవాళ్ళకి ప్రథమచికిత్స నేర్పే పని ఇస్తారట. నా జట్టు నన్ను వదిలేసి పైకి వెళ్ళిన రోజు నిన్ను తిట్టని తిట్టు లేదు. నీ ఉత్తరాలు రెండూ దిండు కింద పెట్టుకుని మరీ తిట్టాను. ఆ కోపం పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. వాళ్ళు క్షేమంగా దిగివచ్చారు, నా బదులు వెళ్ళినవాడి పట్టు గట్టిది. ఆ సంగతి తెలిశాకే నీకు రాయడానికి కూర్చున్నాను.

అధ్యక్షుడికి కూడా రాశాను. "నన్ను అవమానించిందని మా మరదలిని తీసేశారట. నాకు అవమానం జరిగిందో లేదో చెప్పాల్సింది నేను. జరగలేదు. ఆవిణ్ని పిలవండి, రావడం రాకపోవడం ఆవిడ ఇష్టం. సన్మానంలో మీరిచ్చిన షీల్డు మా ఇంట్లో ఉంది. మనిషిని పంపితే మా ఆవిడ ఇచ్చేస్తుంది. కష్టపడి పడినవాళ్ళందరికీ కలిపి దాన్ని బహూకరించండి" అన్నాను. ఎడమచేత్తో రాయడం వల్ల కాస్త మొరటుగా వచ్చింది. మార్చలేదు.

ఇప్పుడు అసలు పని. చిచ్చుబుడ్డికి సెలవు దొరికింది, వచ్చే నెల ఊరికొస్తోంది. నాకు ఉత్తరం రాసింది. ఒక్క పేజీలో మూడుచోట్ల బ్రహ్మాండంగా ఉన్నానని రాసింది. నేనూ ఇంటికి అలాగే రాసేవాణ్ని. స్టేషన్లోనే దండలు వేస్తారు, ఫొటోలు తీస్తారు. తియ్యనీ. అవన్నీ అయ్యాక నువ్వు దాన్ని షెడ్డుకి తీసుకెళ్ళు. గట్టిగా పట్టుకో. పట్టు ఎక్కడ జారుతోందో చూడు. పడేసినా ఫర్వాలేదు.

కానీ మరదలా, నన్ను వదిలేసినట్టు దాన్ని వదిలెయ్యకు. అది లేచి, వంగి నమస్కరించి, నీ ముఖం చూడకుండా వెళ్ళిపోబోతుంది. గుమ్మానికి అడ్డంగా నిలబడు.

ఇంకా కాస్త కోపంగానే,
బావ